లోల్: ఒక సంక్షిప్తం, పలు అర్థాలు

లోల్ అనేది ఇంగ్లీషులోని ఎల్, ఓ, ఎల్ అనే మూడు పొడి అక్షరాల కూర్పు. ఫోన్ సందేశాల్లోనూ, చాట్‌లలోనూ, వీడియో గేముల్లోనూ దీని వాడకం ఎక్కువ. ‘లాఫింగ్ అవుట్ లౌడ్’, అంటే పైకి వినిపించేలా నవ్వడం అన్నది దీని ప్రధానార్థం. ఉత్తరం చివర ఆప్యాయంగా రాసే ‘లాట్స్ ఆఫ్ లవ్’ (బోలెడంత ప్రేమతో) అనే మాటకూ ఇవే పొడి అక్షరాలు. కంప్యూటర్ ఆటలు ఆడేవారికి ఇది ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ అనే ఆట పేరు. అమెరికా ఆసుపత్రుల యాసలోనూ, ఉత్తర ఐర్లండ్ సంఘాల జెండాల మీదా, విమానాశ్రయాల సంకేతాల పట్టికలోనూ దీనికి వేరే అర్థాలున్నాయి. ఏ చోట ఏ అర్థమో అక్షరాలను చూసి చెప్పలేం. రాసినవారెవరు, అందుకున్నవారెవరు, వారిద్దరి మధ్య ఏం నడుస్తోంది అన్నదాన్ని బట్టే తేల్చుకోవాలి. ఈ వెసులుబాటు వల్లే లోల్ నలభై ఏళ్లుగా నిలిచింది, అపార్థాలకూ కారణమైంది.

పలుకుబడి, రాత

పొడి అక్షరాలను చదివే పద్ధతులు రెండు. ఎన్టీఆర్, కేసీఆర్ అన్నట్టు ఒక్కో అక్షరాన్నీ విడిగా పలకడం ఒకటి. ఇస్రో, నాసా అన్నట్టు మొత్తాన్ని ఒకే మాటగా పలకడం రెండోది. లోల్‌ను రెండు విధాలా పలుకుతారు. ఇంగ్లీషు మాట్లాడేవారిలో ‘ఎల్‌ఓఎల్’ అనేవారూ ఉన్నారు, ‘లోల్’ అనో ‘లాల్’ అనో అనేవారూ ఉన్నారు. తెలుగువారి నోట ఎక్కువగా వినిపించేది లోల్.

రాతలో పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా కొంత సాయపడుతుంది. నవ్వు అర్థంలో మూడింటినీ పెద్దక్షరాలుగా రాయడం పాత పద్ధతి. ఇప్పుడు మూడూ చిన్నక్షరాలుగా రాయడమే పరిపాటి. ఆట పేరు రాసేటప్పుడు రెండు ‘ఎల్’లను పెద్దక్షరాలుగా, నడిమి ‘ఓ’ను చిన్నక్షరంగా రాస్తారు. ఫోన్‌లో హడావిడిగా రాసేవారు ఈ తేడా పాటించరు కాబట్టి దీన్ని గట్టి ఆనవాలుగా తీసుకోకూడదు.

లోల్ నుంచి కొన్ని కొత్త రూపాలు పుట్టాయి. నవ్వు మోతాదు పెంచడానికి ‘లోలోలోల్’ అని సాగదీస్తారు. ‘లల్జ్’ అనేది ఇంకొకరి ఇబ్బందిని చూసి పొందే వినోదాన్ని సూచిస్తుంది. నేలమీద దొర్లుతూ నవ్వడాన్ని సూచించే ‘రోఫుల్’ దీనికి దగ్గరి చుట్టం.

చరిత్ర

అచ్చులో దొరికే పాత లోల్‌కు నవ్వుతో సంబంధం లేదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1960 నాటి ప్రయోగాన్ని చూపి, అక్కడ ఈ అక్షరాలకు ‘లిటిల్ ఓల్డ్ లేడీ’ (చిన్నపాటి ముసలమ్మ) అని అర్థం ఇచ్చింది. ఆసుపత్రుల్లో వైద్యులు తమలో తాము వాడుకునే మాటగా ఇది కొంతకాలం నడిచింది. శామ్యూల్ షెమ్ 1978లో ప్రచురించిన ‘ది హౌస్ ఆఫ్ గాడ్’ నవలలో శిక్షణలో ఉన్న యువ వైద్యులు ఈ మాట వాడతారు. రోగిని మనిషిగా కాక మూడు అక్షరాలుగా చూసే ఆ అలవాటును నవల విమర్శకు పెట్టింది.

నవ్వు అర్థం కంప్యూటర్ బులెటిన్ బోర్డుల కాలంలో పుట్టింది. ఇంటి కంప్యూటర్‌ను మోడెమ్ ద్వారా టెలిఫోన్ తీగకు కలిపి, మరో కంప్యూటర్‌లోకి వెళ్లి సందేశాలు రాసుకునే ఏర్పాటు అది. కెనడాలోని కాల్గరీ నగరంలో 1980ల నడుమ అలాంటి ఒక బోర్డులో ఈ మాటను మొదట తానే వాడానని వేన్ పియర్సన్ చెప్పుకున్నారు. నాటి సంభాషణలేవీ భద్రంగా లేవు కాబట్టి దీన్ని ఆయన చెప్పిన మాటగానే నమోదు చేయాలి. రాతపూర్వకమైన ఆధారం 1989 మే నాటిది. ఫిడోనెట్ అనే బులెటిన్ బోర్డుల వ్యవస్థ వెలువరించే ‘ఫిడోన్యూస్’ సంచికలో చాట్‌లో వాడే సంక్షిప్తాల జాబితా ఒకటి ప్రచురితమైంది. లోల్ అందులో ఉంది. జాబితాకు ఎక్కిందంటే అప్పటికే ఆ మాట కొంతమందిలో నలిగిందని అర్థం.

ఫిన్లండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఒయికరినెన్ 1988లో రూపొందించిన ఇంటర్నెట్ రిలే చాట్, ఆ తరవాత 1990ల అమెరికన్ చాట్ గదులు లోల్‌ను నలుగురిలోకి తెచ్చాయి. అక్షరాలు వెంటవెంటనే కదిలిపోయే తెర మీద నవ్వుతున్నానని పూర్తిగా టైపు చేసేలోపు సంభాషణ ముందుకు వెళ్లిపోతుంది. మూడు అక్షరాలైతే సమయానికి అందుతాయి.

ఆ తరవాత సెల్‌ఫోన్ వచ్చింది. తొలి ఎస్సెమ్మెస్‌ను నీల్ పాప్‌వర్త్ అనే ఇంజినీరు 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో పంపారు. ఒక ఎస్సెమ్మెస్‌లో 140 బైట్లు పడతాయి. ఇంగ్లీషు అక్షరాల లెక్కలో అది 160. పైగా అంకెల మీటల మీద అక్షరాలు కొట్టాలి. ‘ఎల్’ కోసం 5వ మీటను మూడుసార్లు, ‘ఓ’ కోసం 6వ మీటను మూడుసార్లు, మళ్లీ ‘ఎల్’ కోసం 5వ మీటను మూడుసార్లు నొక్కాలి. మూడక్షరాలకే తొమ్మిది నొక్కులు. అటువంటి ఫోన్‌లో పొడి అక్షరాలు సోమరితనం కాదు, అవసరం.

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 2011 మార్చిలో లోల్‌ను తన ఆన్‌లైన్ కూర్పులో చేర్చింది. అదే విడతలో ‘ఓఎంజీ’ (ఓ మై గాడ్) కూడా చేరింది. దానికి దొరికిన తొలి ప్రయోగం 1917లో బ్రిటిష్ నౌకాదళ అధికారి జాన్ ఫిషర్ విన్‌స్టన్ చర్చిల్‌కు రాసిన ఉత్తరంలోనిది. పొడి అక్షరాల సరదాను సెల్‌ఫోన్ తరం కనిపెట్టలేదనడానికి ఆ ఉత్తరం సాక్ష్యం.

ప్రధాన అర్థాలు

నవ్వు

పుట్టినప్పుడు లోల్ రంగస్థల సూచన లాంటిది. నాటకంలో ‘(నవ్వుతూ)’ అని కుండలీకరణాల్లో రాసినట్టు, అవతలివారికి కనబడని నవ్వును అది తెలియజేసేది. నేటి వాడుకలో నిజంగా నవ్వొచ్చినప్పటి లోల్ తక్కువ. ఈ మార్పు గురించి ‘పనితీరు’ అన్న విభాగం చూడండి.

బోలెడంత ప్రేమ

ఆత్మీయులకు రాసే ఉత్తరం చివర సంతకానికి ముందు ‘లాట్స్ ఆఫ్ లవ్’ అని రాయడం ఇంగ్లీషువారి పాత అలవాటు. ఉత్తరాల నుంచి ఫోన్ సందేశాలకు వచ్చిన పెద్దవారు లోల్‌ను ఆ అర్థంలోనే చదువుకున్నారు, పంపారు కూడా. వీటిలో అందరికీ తెలిసిన ఉదంతం బ్రిటన్ అప్పటి ప్రధానమంత్రి డేవిడ్ కామెరాన్‌ది. పత్రికల పోకడలపై ఏర్పాటైన లెవిసన్ విచారణ ముందు న్యూస్ ఇంటర్నేషనల్ మాజీ అధిపతి రెబెకా బ్రూక్స్ 2012 మే 11న సాక్ష్యమిచ్చారు. ప్రధాని తనకు పంపే సందేశాల చివర అప్పుడప్పుడు ప్రేమతో అన్న అర్థంలో లోల్ అని రాసేవారని, దాని అర్థం నవ్వు అని తాను చెప్పాక మానేశారని ఆమె వివరించారు.

కామెరాన్ ఉదంతం సరదా వార్తగా ముగిసింది. సంతాప సందేశంలో అదే జరిగితే గాయమవుతుంది. పంపినవారి మనసులో ప్రేమ, చదివినవారి కంటికి వెటకారం. రెండు తరాలు ఒకే ఫోన్‌లో మాట్లాడుకునే ఇళ్లలో ఈ ప్రమాదం నిజమైనదే, దాన్ని తేలికగా తీసుకోకూడదు.

లీగ్ ఆఫ్ లెజెండ్స్

బ్రాండన్ బెక్, మార్క్ మెరిల్ కలిసి 2006లో లాస్ ఏంజెలెస్‌లో స్థాపించిన రయట్ గేమ్స్ సంస్థ 2009 అక్టోబరు 27న ఈ ఆటను విడుదల చేసింది. ‘వార్‌క్రాఫ్ట్ 3’ ఆట మీద అభిమానులు కట్టిన ‘డిఫెన్స్ ఆఫ్ ది ఏన్షెంట్స్’ అనే రూపాంతరం దీనికి మాతృక. ఐదుగురేసి ఆటగాళ్లున్న రెండు జట్లు మూడు దారులున్న రణరంగంలో తలపడతాయి. ప్రత్యర్థి స్థావరంలోని ‘నెక్సస్’ను ముందు కూల్చిన జట్టు గెలుస్తుంది. ఆట ఉచితం. పాత్రల వేషాలు వంటివి అమ్మి సంస్థ ఆదాయం పొందుతుంది. చైనాకు చెందిన టెన్సెంట్ 2011లో ఇందులో అధిక వాటా కొని, 2015లో మొత్తం సంస్థను సొంతం చేసుకుంది.

తొలి ప్రపంచ పోటీ 2011లో స్వీడన్‌లో జరిగింది, ఫ్నాటిక్ జట్టు గెలిచింది. ఆ తరవాతి చరిత్రలో పెద్ద పేరు దక్షిణ కొరియాకు చెందిన టీ1 జట్టుది, అందులోని ‘ఫేకర్’ అనే లీ సాంగ్‌హ్యోక్‌ది. 2013, 2015, 2016, 2023, 2024, 2025 సంవత్సరాల్లో ఆ జట్టు ప్రపంచ విజేతగా నిలిచింది. ఆరుసార్లూ ఫేకర్ జట్టులో ఉన్నాడు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రదర్శన పోటీగా ఉన్న ఈ ఆట, 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పతకాల పోటీ అయింది. బంగారు పతకం దక్షిణ కొరియాకు దక్కింది. భారత జట్టు కూడా ఆ పోటీలో ఆడింది. ఆటలోని పాత్రలతో తీసిన ‘ఆర్కేన్’ యానిమేషన్ ధారావాహిక 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలై, మరుసటి ఏడాది ఎమ్మీ పురస్కారం పొందింది. ఇంత పెద్ద ఆట కావడంతో, గేముల ముచ్చట్లలో లోల్ కనబడితే ముందు ఆట పేరేమో అని చూసుకోవాలి.

ఇతర అర్థాలు

ఉత్తర ఐర్లండ్‌లో ప్రొటెస్టంట్ల సంఘమైన ఆరెంజ్ ఆర్డర్ 1795లో ఏర్పడింది. దాని శాఖలను ‘లాయల్ ఆరెంజ్ లాడ్జ్’ అంటారు. ఊరేగింపు జెండాల మీద ఎల్‌ఓఎల్ అని రాసి పక్కన శాఖ సంఖ్య వేస్తారు. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో లవ్‌లాక్ పట్టణానికి దగ్గరున్న డెర్బీ ఫీల్డ్ విమానాశ్రయ సంకేతం కూడా ఇదే. డచ్చి భాషలో ‘లోల్’ అనే సొంత మాట ఉంది, దానికి సరదా అని అర్థం. వెల్ష్ భాషలో ఇదే మాటకు అర్థంపర్థం లేని కబురు అని అర్థం. ఈ పేరుతో 1965 నుంచి ఒక వెల్ష్ వ్యంగ్య పత్రిక వచ్చింది. ఈ రెండూ పొడి అక్షరాలు కావు, కాకతాళీయంగా కలిసిన మాటలు.

పనితీరు

భాషాశాస్త్రవేత్తలకు లోల్ మీద ఆసక్తి కలగడానికి కారణం దాని అర్థం జారిన తీరు. ‘ఇంకా ఆఫీసులోనే ఉన్నా లోల్’ అని ఎవరైనా రాస్తే అందులో నవ్వాల్సింది ఏమీ లేదు. చెప్పిన మాట బరువు తగ్గించడానికి, నిష్ఠూరమాడుతున్నారని అవతలివారు అనుకోకుండా ఉండడానికి, నీతో చనువుగానే మాట్లాడుతున్నాను అని తెలపడానికి అది అక్కడ చేరింది. అమెరికన్ భాషావేత్త జాన్ మెక్‌వోర్టర్ 2013లో చేసిన ప్రసంగంలో లోల్‌ను సంభాషణా సూచకంగా వర్గీకరించి, జపనీయులు వాక్యం చివర పలికే ‘నే’తో పోల్చారు. ఎదుటివారితో సహానుభూతిని తెలిపే గుర్తుగా అది మారిందని ఆయన వివరణ.

తెలుగువారికి ఇది అర్థం కావడానికి జపాను దాకా వెళ్లనక్కర్లేదు. ‘పరవాలేదులే’, ‘ఊరికే అన్నాలే’, ‘చూద్దాం లెండి’ అనే మాటల్లో చివరి ‘లే’, ‘లెండి’ చేసే పని దాదాపు ఇదే. అవి తీసేసినా వాక్యం సమాచారం మారదు, గొంతు మారుతుంది. రాతలో గొంతు వినబడదు కాబట్టి ఆ లోటు తీర్చే సాధనాలు అవసరమయ్యాయి. లోల్ వాటిలో ఒకటి.

గేముల్లో ఇదే మాట పదునెక్కుతుంది. ప్రత్యర్థిని పడగొట్టిన మరుక్షణం లోల్ అని రాస్తే అది హేళన. సొంత జట్టువాడు పొరపాటు చేశాక అతడే లోల్ అని రాసుకుంటే అది క్షమాపణకు దగ్గర. ఆట చివర మర్యాదగా రాసే ‘జీజీ’ (గుడ్ గేమ్) పక్కన లోల్ చేరితే ఆ మర్యాద తలకిందులవుతుంది.

ఆటల నుంచి పుట్టిన ‘కెక్’ అనే రూపం విడిగా చెప్పదగ్గది. కొరియన్లు నవ్వును ‘క’ శబ్దమిచ్చే తమ హల్లును వరసగా రాసి సూచిస్తారు. 1998 నాటి ‘స్టార్‌క్రాఫ్ట్’ ఆటలో కొరియన్ లిపి రాయడం కుదరక వారు దాన్నే రోమన్ అక్షరాల్లో ‘కెకెకె’ అని రాసేవారు. 2004లో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో శత్రు పక్షాల మాటలు ఒకరివి ఒకరికి అర్థం కాకుండా వేరే అక్షరాలుగా మారిపోతాయి. హోర్డ్ పక్షంవారు లోల్ అని రాస్తే అలయన్స్ పక్షంవారికి కెక్ అని కనబడేది. దాంతో కెక్ నవ్వుకు మారుపేరైంది.

ఇతర భాషల్లో నవ్వు

ప్రతి భాషా తన నవ్వును తన లిపికి తగ్గట్టు కుదించుకుంది. ఫ్రెంచివారు ‘నవ్వుతో చచ్చాను’ అనే మాట పొడి అక్షరాలైన ‘ఎండీఆర్’ రాస్తారు. థాయ్ భాషలో ఐదు అంకెను ‘హా’ అంటారు కాబట్టి అక్కడ 555 అంటే హాహాహా. స్పానిష్‌లో ‘జె’ అక్షరం ‘హ’లా పలుకుతుంది, ఆ అక్షరంతోనే వారు హహహ అని రాస్తారు. జపనీయులది వింత ప్రయాణం. నవ్వు అనే మాట ‘వరాయ్’ నుంచి మొదటి రోమన్ అక్షరం ‘డబ్ల్యూ’ తీసుకున్నారు. దాన్ని వరసగా రాస్తే గడ్డి మొలిచినట్టు కనబడడంతో, ఇప్పుడు గడ్డి అనే మాటనే నవ్వు అర్థంలో వాడుతున్నారు.

తెలుగువారి వాడుక

తెలుగును రోమన్ అక్షరాల్లో రాసే అలవాటుతో పాటే లోల్ తెలుగు సందేశాల్లోకి వచ్చింది. ఈ అలవాటుకు ఒక సాంకేతిక కారణం ఉంది. ఎస్సెమ్మెస్‌లో రోమన్ అక్షరాలైతే 160 పడతాయి. తెలుగు లిపి వాడగానే ఆ హద్దు 70కి పడిపోతుంది. ఎందుకంటే ఎస్సెమ్మెస్ వాడే యూనికోడ్ రూపంలో ఒక్కో సంకేతానికి రెండేసి బైట్లు కావాలి. పైగా మనం ఒక్క అక్షరంగా చూసే ‘స్త్రీ’ కంప్యూటర్ లెక్కలో ఆరు సంకేతాలు. తొలినాటి ఫోన్లలో చాలావాటికి తెలుగు అక్షరాలు చూపడమే వచ్చేది కాదు.

అయితే నవ్వు విషయంలో తెలుగుకు ఆ నష్టం లేదు. ‘హహహ’ సరిగ్గా మూడు సంకేతాలు. లోల్‌ను తెలుగు లిపిలో రాస్తేనే నాలుగవుతుంది. కాబట్టి తెలుగువారు లోల్ వాడడానికి కారణం పొదుపు కాదు, దానికున్న గొంతు: తోటివారితో చనువు, కాస్త కాలేజీ వాసన. వయసులోనో హోదాలోనో పెద్దవారికి రాసేటప్పుడు సాధారణంగా దీన్ని వాడరు. అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లలకు ఇది ఇంగ్లీషు చాట్‌ల ద్వారా వచ్చిన సొంత మాట. ఇక్కడి తాతయ్య, అమ్మమ్మలకు అర్థం కానిదీ ఇలాంటి మాటే.

తెలుగు రాష్ట్రాల్లో గేములు ఎక్కువగా ఫోన్ మీదే ఆడతారు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ కంప్యూటర్ ఆట కావడంతో ఇక్కడ లోల్‌కు ఆట అర్థం తక్కువమందికే తెలుసు. వినోద కార్యక్రమాల పేర్లలో మాత్రం నవ్వు అర్థం స్థిరపడింది. 2021లో జీ5లో ‘లోల్ సలాం’ అనే తెలుగు వెబ్ సిరీస్ వచ్చింది. అదే ఏడాది అమెజాన్ ప్రైమ్‌లో ‘లోల్: హసే తో ఫసే’ అనే హిందీ కార్యక్రమం వచ్చింది, నవ్వకుండా ఉండడమే అందులో పోటీ.

ఇక తెలుగువారి అసలైన నవ్వు గుర్తు అక్షరాల్లో లేదు. బ్రహ్మానందం ముఖకవళికలతో చేసిన మీమ్‌లు, కదిలే బొమ్మలు చాట్‌లలో చేసే పని ఏ పొడి అక్షరాలూ చేయలేవు. నోరెళ్లబెట్టడానికి ఒకటి, వెటకారానికి ఒకటి, తెల్లబోవడానికి ఒకటి అంటూ ఒకే నటుడి ముఖం నిఘంటువులా ఉపయోగపడడం మరే భాషలోనైనా అరుదు.

పరిశోధనలు

పొడి అక్షరాలు యువతరం భాషను పాడుచేస్తున్నాయన్న ఆందోళన 2000ల మొదట్లో పాశ్చాత్య పత్రికల్లో గట్టిగా వినిపించింది. లెక్కలు దాన్ని బలపరచలేదు. అమెరికన్ విశ్వవిద్యాలయానికి చెందిన నయోమీ బారన్ 2004లో ప్రచురించిన అధ్యయనంలో కాలేజీ విద్యార్థుల చాట్‌లలోని 11,718 పదాలను పరిశీలించారు. వాటిలో పొడి అక్షరాల మాటలు 90 మాత్రమే. ఆ 90లో 76 లోల్‌లే. టొరంటోలో శాలీ టాగ్లియమోంటె, డెరెక్ డెనిస్ 72 మంది యువతీయువకుల చాట్‌ల నుంచి పది లక్షలకు పైగా పదాలు సేకరించి 2008లో ఫలితాలు వెల్లడించారు. అక్కడా సంక్షిప్తాల వాటా స్వల్పమే. నవ్వు కోసం లోల్ కన్నా హహ ఎక్కువగా కనబడింది. పిల్లల భాష చెడిపోతోందని భయపడే తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఈ అధ్యయనాల గురించి చెప్పాల్సినంతగా ఎవరూ చెప్పలేదు.

ప్రస్తుత స్థితి

ఫేస్‌బుక్ 2015 మే చివరి వారపు పోస్టులు, వ్యాఖ్యలను విశ్లేషించినప్పుడు నవ్వు సూచించినవారిలో 51.4 శాతం హహ, 33.7 శాతం ఎమోజీలు, 12.7 శాతం హెహె వాడినట్టు తేలింది. లోల్ వాడినవారు 1.9 శాతం. ఆ ఏడాదే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులవారు ఆనందబాష్పాలు రాలుస్తూ నవ్వే ముఖం ఎమోజీని సంవత్సరపు పదంగా ప్రకటించారు. 2016 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ ఇష్టం మీట పక్కన నవ్వు మీటను చేర్చినప్పుడు దానికి పెట్టిన పేరు కూడా హహ.

నవ్వు గుర్తుగా వాటా తగ్గినా, గొంతు మెత్తబరిచే మాటగా లోల్ కొనసాగుతోంది. సంతాప సందేశాల్లో, ఉద్యోగపు ఉత్తరాల్లో, తరం అంతరమున్న బంధువులకు రాసేటప్పుడు ఈ మూడు అక్షరాలకు బదులు చెప్పదలచుకున్న మాటనే పూర్తిగా రాయడం మంచిది.